మధ్యాహ్నం రెండు గంటల గోళీ

ఒంటిగంట దాటింది, ఇంకా గంట ఉంది. మంచం మీద సంతోషి నిద్రపోతోంది, కాలి కింద రెండు చీరల మూటలు ఎత్తుగా పెట్టాను, మోకాలి కింద నుంచి పాదం దాకా పట్టీ, పట్టీలోంచి బయటికి వచ్చిన వేళ్లకు పోయిన వారం వేసుకున్న గోళ్ల రంగు ఇంకా చెరగలేదు. కింద చాప మీద వాళ్ల నాన్న. మా ఆయన పరుశురాంకు ఈ పదిహేను రోజులు రాత్రి పాళీ, పొద్దున ఎనిమిదింటికి సాంచెలు పగటివాడికి అప్పజెప్పి, ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిని పడుకున్నాడంటే సాయంత్రం ఐదు దాకా లేవడు, లేపకూడదు కూడా, పగలు నిద్ర చెడితే రాత్రి సాంచె ముందర కునుకు పడుతుంది, మర మగ్గం ముందర కునుకు పడితే వేలు పోతుంది. ఆ ఇద్దరి మధ్యన గోడకు ఆనుకుని నేను కూర్చున్నాను. ఆయన నిద్ర కోసం కిటికీకి మందపాటి పరదా కట్టాను, అందుకే ఈ కోసాడ్ క్వార్టర్ మూడో అంతస్తులో పట్టపగలు కూడా మా ఇల్లు చీకటిగానే ఉంటుంది. ఎదురుగా పొయ్యి గట్టు మీద, పసుపు డబ్బాకు ఆనించి, గోళీల షీటు ఉంది. పదింటిలో ఐదు ఖాళీ, ఐదు నిండు. నేను దానివైపు చూడటం లేదు, గడియారం వైపు చూస్తున్నాను. గడియారం సరిగ్గా దాని పైనే ఉంది, నన్నేం చేయమంటారు.

ఆవలింత వచ్చింది. నిద్ర వచ్చి తీసే ఆవలింత కాదు ఇది, దవడ నొప్పి పుట్టించి కళ్లలోంచి నీళ్లు కార్చే రకం, ఒకటి అయ్యీ అవ్వకముందే ఇంకొకటి. ముక్కు కారుతోంది, కొంగుతో తుడుచుకుని తుడుచుకుని ముక్కు కొస మండుతోంది. బయట వాన పడి ఆగింది, ఉక్కకు ఒళ్లంతా చెమట, ఆ చెమట మీదే చలి, చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. పిక్కల లోపల ఏదో పాకుతోంది. కాలు చాపితే ముడవాలనిపిస్తుంది, ముడిస్తే చాపాలనిపిస్తుంది, ఈ చాపడం ముడవడంలో ఇందాక మా ఆయన మడమ తగిలింది, ఆయన ఏదో గొణిగి అటు తిరిగాడు. నడుము కూడా నొస్తోంది. అసలు ఇదంతా నడుముతోనే మొదలైంది, ఇప్పుడు మాత్రం దాని వంతు అన్నిటికన్నా ఆఖర్న వస్తోంది, పాపం దాన్ని పట్టించుకునే తీరిక కూడా నాకు లేదు.

ఆ షీటు మీద సంతోషి గంటలు రాసింది. మొన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టగానే అది చేసిన మొదటి పని అదే. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఒక దుకాణంలో చీరల పార్సిళ్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది, దాని బ్యాగులో మూటల మీద ఊళ్ల పేర్లు రాసే మందపాటి నల్ల పెన్ను ఎప్పుడూ ఉంటుంది. షీటు తిరగేసి ఒక్కో గోళీ వెనక, వెండి రేకు మీద, పది, ఆరు, రెండు, మళ్లీ పది, ఆరు, రెండు అని రాసుకుంటూ పోయింది. ఎనిమిది గంటలకొకటి అన్నాడు డాక్టరు, ఈ పదే, ఆ తర్వాత నొప్పికి జ్వరం గోళీలు, ఆ తెల్లవే చాలు, ఇవి మళ్లీ కొనొద్దు అన్నాడు. "మనింట్ల పొద్దుగాల ఎప్పుడో రాత్రి ఎప్పుడో ఎవ్వలకు తెల్వది మమ్మీ, గందుకే టైమ్ లిఖ్ దియా" అంది సంతోషి. కాలు అంత నొప్పిలోనూ నవ్వుతూనే అంది. అందులో అది ఎంత పెద్ద మాట అన్నదో దానికి తెలియదు, నేను పసుపు డబ్బా సర్దుతున్నట్టు అటు తిరిగాను.

నాకెవరూ గంటలు రాసివ్వలేదు. ఆరేళ్లయింది. అప్పుడు మేము అమ్రోలిలో కిరాయికి ఉండేవాళ్లం, నేను ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరించేదాన్ని, ఇప్పుడూ అదే పని. ఎంబ్రాయిడరీ మిషన్ పువ్వుకూ పువ్వుకూ మధ్య దారం వదిలేస్తుంది, చీర తిరగేసి ఆ వదులు దారాలన్నీ చిన్న కట్టరుతో తీసేయాలి, గుడ్డకు గాటు పడకూడదు. కింద కూర్చుని, నడుం వంచి, ఒళ్లో చీర వేసుకుని, పొద్దున మొదలు పెడితే వంట వేళకు లేవడం. ఒకరోజు లేవబోతే లేవలేకపోయాను. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను, ఎడమ తుంటి నుంచి మడమ దాకా నిప్పు గీత. సందు చివరి క్లినిక్కుకు ఇద్దరు పట్టుకుని తీసుకుపోయారు. ఆయన మంచివాడే, ఆ డాక్టరు, ఇప్పుడూ ఆయన్ని ఒక మాట అనబుద్ధి కాదు. సూది వేసి, ఆకుపచ్చా పసుపూ గోళీలు రాసిచ్చాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి ఏ దుకాణంలో దొరుకుతుందో చీటీ మీద రాయలేదు, గోళీలు మాత్రం పక్క మెడికల్ షాపులోనే దొరికాయి.

ఆ మొదటి రోజు నాకు బాగా గుర్తుంది, పెళ్లిరోజు కన్నా బాగా గుర్తుందని చెప్పడానికి సిగ్గేస్తుంది గాని, నిజం. మింగిన గంటకు నొప్పి పోలేదు. నొప్పి ఉంది, పక్కింట్లో ఎవరో కొట్టుకుంటుంటే వినపడ్డట్టు ఉంది, కాని నాకేమీ సంబంధం లేదు. ఒళ్లు వెచ్చగా అయింది. నడుము నొప్పి ఒక్కటే కాదు, నాకు పేరు తెలియని నొప్పులు కూడా ఎన్నో సర్దుకున్నాయి, ఆయన మీద చిరాకు, చీర మీద గాటు పడిందని సేఠ్ నలుగురిలో అన్న మాట, పొద్దున లేచింది మొదలు ఎవరో తరుముతున్నట్టుండే ఆ ఆరాటం, అన్నీ. అప్పటికి పదహారేళ్లది సంతోషి, బడి నుంచి వచ్చి నన్ను వింతగా చూసి, "మమ్మీ, నువ్వు పాట పాడుతున్నవ్" అంది. రొట్టెలు కాలుస్తూ పాడుతున్నానట. ఐదో రోజుకు రెండు మూటల చీరలు పూర్తి చేశాను, ఎన్నడూ అంత పని ఒక్కదాన్ని చేసింది లేదు. పని చేసినకొద్దీ నడుము ఇంకా అరిగింది, అరిగినకొద్దీ గోళీ కావలసి వచ్చింది, ఐదు రోజులు దాటినా అదే చీటీ చూపించి మళ్లీ మళ్లీ తెచ్చుకున్నాను. ఇది ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే తెలుస్తోంది, అప్పుడు నాకు నయమైందనే అనుకున్నాను.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎవరికైనా అర్థమయ్యే మాటే. కాని సాంచెలు నడిపేవాడి ఇంట్లో పొద్దున అంటే సూర్యుడు వచ్చేది కాదు, టిఫిన్ డబ్బా నింపేది. ఆయన పగటి పాళీలో ఉన్నప్పుడు పొద్దున ఏడింటికి డబ్బా నింపుతాను, అది పొద్దున. రాత్రి పాళీలో సాయంత్రం ఏడింటికి నింపుతాను, అదీ మాకు పొద్దునే, ఆయన అప్పుడే స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని, చాయ్ తాగి బయల్దేరతాడు. నేనూ ఆయన వేళలకే లేస్తాను, ఆయన వేళలకే తింటాను, లేకపోతే సంసారం నడవదు. రాత్రి పాళీ మొదటిసారి వచ్చినప్పుడు సాయంత్రం డబ్బా నింపి పొద్దుటి గోళీ వేసుకున్నాను. పడుకోబోయేటప్పుడు, బయట చీకటే కదా, రాత్రి గోళీ వేసుకున్నాను. తెల్లారి ఆయన వస్తే అన్నం పెట్టి, ఊరంతా పొద్దున అంటోంది కదా అని ఇంకొకటి. ఆయనతోపాటు పరదా వేసుకుని పడుకునేటప్పుడు, ఇది మాకు రాత్రి కదా అని మరొకటి. తప్పు చేస్తున్నానని అనుకోలేదు, చీటీ ప్రకారమే వేసుకుంటున్నాను అనుకున్నాను. పదిహేను రోజులు అలా గడిచాక పాళీ మారింది, పగళ్లు వచ్చాయి, ఒంటికి మాత్రం నాలుగే అలవాటయ్యాయి. రెండు వేసుకుంటే మధ్యాహ్నానికి విసుగు, ఒళ్లు నొప్పులు, గిన్నెలు ఎత్తి పడేయడం. ఆయన అన్నాడు, "ఏందే భూదేవి, నీకు గాలి సోకినట్టున్నది" అని. నేను నాలుగో గోళీ వేసుకుని ఆయనకు పకోడీలు చేసిపెట్టాను.

ఒంటిగంటా ఇరవై. సంతోషి కదిలింది. పెదవి మీద చిన్న గాటు ఉంది దానికి, పళ్లతో కొరుక్కున్నట్టు. నీళ్లేమైనా అడుగుతుందేమోనని లేవబోయాను, మళ్లీ నిద్రలోకి వెళ్లిపోయింది. లేచినదాన్ని ఊరికే ఎందుకు కూర్చోవాలని పొయ్యి గట్టు దాకా వెళ్లి చాయ్ గిన్నె కడిగాను. అది కడిగిన గిన్నే. గోళీల షీటు నా మోచేతికి బెత్తెడు దూరంలో ఉంది. తిరిగి వచ్చి కూర్చున్నాను.

క్లినిక్ డాక్టరు మూడు నెలల తర్వాత ఇక నా వల్ల కాదు, పెద్దాసుపత్రికి పోయి నడుము ఫొటో తీయించుకో అన్నాడు. పోయాను. ఆ లైన్లో నిలబడడానికే రెండు గోళీలు కావాలి, ఆ సంగతి ఆ లైన్లో నిలబడిన అందరికీ తెలుసు. లోపల ఒక కుర్ర డాక్టరు, నా చీటీ చూశాడు, పూస పక్కకు జరిగిందన్నాడు, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నాడు, పాత చీటీ మీద వేలు పెట్టి "యహీ చాలూ రఖో", ఇవే వేసుకుంటూ ఉండు అన్నాడు. నెల తర్వాత ఇంకో డాక్టరు, ఆ మొదటి డాక్టరు చీటీ చూసి, యహీ చాలూ రఖో. ఆరు నెలలకు ఒక డాక్టరమ్మ, ముఖం వైపు చూసి, నిద్ర పడుతోందా, కడుపు సాఫీగా ఉందా అని కూడా అడిగింది, నాకు ఏడుపొచ్చింది ఆ ప్రశ్నకు, కడుపు సాఫీగా అయ్యి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు. రోజుకెన్ని వేసుకుంటున్నావు అంది. మూడు అన్నాను. అప్పటికి ఆరు. ఆమె రాయబోయి ఆగి నన్ను చూసింది, బయట లైన్ చూసింది, రాసేసింది. ఆరేళ్లలో ఎందరో డాక్టర్లు. ఆరేళ్లు వేసుకొమ్మని వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. ఆపమని కూడా ఒక్కరూ చెప్పలేదు. ఐదు రోజుల చీటీనే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూ ఇంత దూరం వచ్చింది.

నాకు తెలియడం మొదలైంది రైల్లో. మా అత్త పోయిందని ఫోనొస్తే ఉన్నపళాన మా సొంతూరికి, వరంగల్ రైలెక్కాం, ఏడుపుల్లో, గుడ్డలు సర్దడంలో, గోళీలు పరుపు కింద మరిచిపోయాను. రెండో పూటకే ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్లలో పాకుడు, వాంతి, చలి. అందరూ అత్త మీద ప్రేమకు జ్వరం వచ్చిందనుకున్నారు. మా ఆడబిడ్డ నా తల ఒళ్లో పెట్టుకుని, "మా అవ్వంటే నీకు గింత పానమా వదినా" అని ఏడ్చింది. నేను ఆ ఒళ్లో పడుకుని, ఊళ్లో మందుల దుకాణం ఎన్నింటికి తీస్తారో ఆలోచిస్తున్నాను. నడుము నొప్పి గోళీ అని చెప్పి, పాత చీటీ ఫోన్లో చూపించి, తెచ్చుకుని, రెండు మింగాను. అరగంటలో జ్వరం లేదు, వాంతి లేదు, లేచి పదిమందికి అన్నం వడ్డించాను. ఆ వడ్డిస్తున్నప్పుడు, గరిటె చేతిలో ఉండగానే, అర్థమైంది. ఇది నడుము కోసం వేసుకునే గోళీ కాదు, ఇది వేసుకోకపోతే ఏమవుతుందో దాని కోసం వేసుకునే గోళీ. భయమేసింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. సారా తాగేవాడికైతే తాగుబోతు అనే పేరుంది, మా బస్తీలో అలాంటివాళ్ల ఇంటి ముందు ఎలా ఉమ్ముతారో నేను చూశాను, డాక్టరు రాసిన గోళీ మింగే ఆడదానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని దాచుకోవడం తేలిక, ఇన్నాళ్లూ దాచుకున్నాను.

ఇప్పుడు రోజుకు ఎనిమిది. మా ఆయన రెండనుకుంటాడు. పోయిన వారం వానలో అమ్రోలి బ్రిడ్జి దిగుతూ సంతోషి స్కూటీ జారి చీలమండ విరిగినప్పుడు, ఆసుపత్రి వరండాలో ఐదు రోజులు కుర్చీలో కూర్చున్నాను, పడుకున్నాను, దాన్ని లోపలికి తీసుకుపోయి ప్లేటు వేస్తున్నప్పుడు భయానికి రెండు ఎక్కువే మింగాను, ఆ తర్వాత సంతోషానికి కూడా రెండు ఎక్కువ మింగాను. నిన్న పొద్దున చూస్తే అయిపోయాయి. నాకు ఎప్పుడూ ఇచ్చే మెడికల్ షాపు భాయ్ తల అడ్డంగా ఊపాడు, "కొత్త చిట్ఠీ కావాలి బెన్, ఈ దవా మీద ఇప్పుడు చాలా సఖ్తీ, చెకింగ్‌కు వస్తున్నారు" అన్నాడు. ఇంకో రెండు షాపులు తిరిగాను, అదే మాట. ఈ పొద్దున సిగ్గు విడిచి పక్కింటి లింగవ్వ తలుపు కొట్టాను. పోయినేడు ఆమె మోకాలి నొప్పికి రెండు ఇచ్చాను కదా, ఒకటేమైనా మిగిలి ఉందా అని. లింగవ్వ మూతి తిప్పింది. "గా గోళి మాటెత్తకు తల్లీ, ఒక్కటి మింగితే రెండు దినాలు కక్కిన, ఇంకోటి మోరీలేసిన" అంది. మోరీలో, నీళ్లు పోయే తూములో వేసిందట. నేను ఆ మోరీ వైపు చూశాను, నిజంగా చూశాను, ఏడాది కింద వేసినదాని కోసం.

ఇక నిన్న రాత్రి సంగతి. అనుకోకూడదనే గంట నుంచీ ఏవేవో అనుకుంటున్నాను. ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. తొమ్మిదింటి నుంచే నేను గదిలో తిరుగుతున్నాను, కూర్చోలేను, నిలబడలేను. పదింటికి షీటు తిప్పి పది అని రాసి ఉన్నదాన్ని నొక్కితే బయటికి వచ్చింది. అదే రంగు, నావి యాభై పవరువి, దీనివి వంద. సంతోషి గోడ వైపు తిరిగి ఉంది. నా చేయి మందుల డబ్బాలోంచి జ్వరానికి వేసే తెల్ల గోళీ తీసింది, చేయి అంటున్నాను, నేనే తీశాను. తెల్లది దాని నోట్లో పెట్టి నీళ్లు పట్టాను. అది చూడకుండానే మింగింది, నేనిచ్చింది ఏదైనా అది చూడకుండానే మింగుతుంది, పుట్టినప్పటి నుంచీ అంతే. పొయ్యి దగ్గరికి వెళ్లి నా వంతు మింగాను. అరగంటకు కాళ్లలో పాకేది ఆగిపోయింది. ఆ తర్వాత తెల్లారి ఆరింటికి ఫోన్ అలారం మోగేదాకా నాకేమీ తెలియదు. లేచి చూస్తే సంతోషి కళ్లు ఉబ్బి ఉన్నాయి, దిండు తడిగా ఉంది. ఎట్లుంది బిడ్డా అంటే, ఏం లే అంది. ఆరు గంటల గోళీ దానికే ఇచ్చాను. ఇచ్చాను అని నాకు నేనే పెద్ద మెడల్ ఇచ్చుకున్నాను.

రెండుకు పావు తక్కువ. నేను నా బిడ్డ గోళీ తిన్నాను. ఈ మాటను ఇలా అనుకోలేను, అందుకని ఇంకోలా అనుకుంటున్నాను. నాకూ ఐదు రోజులే అని రాశారు. ఐదు రోజులు ఎలా ఆరేళ్లవుతాయో నాకు తెలుసు, దానికి తెలియదు, డాక్టరుకు అస్సలు తెలియదు. ఇరవై రెండేళ్ల పిల్ల. ఇవాళ రెండింటికి వేసుకుంటుంది, నొప్పి పక్కింటికి వెళ్లిపోతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది, పాట పాడుతుంది, పది అయిపోయాక పదకొండోది అడుగుతుంది. తెల్లదే ఇస్తే ఏమైంది, కాస్త నొప్పి ఓర్చుకుంటుంది, ఎముక నొప్పి పదిరోజుల్లో పోతుంది, ఇది అంటుకుంటే పోదు. దీన్ని దాని నోట్లోంచి తప్పించి నేను మింగితే దానికి నేను చేసే మేలే కదా. ఎంత బాగా కుదిరిందో ఈ ఆలోచన. ఎక్కడా కుట్టు కనపడటం లేదు. అంత ప్రేమే ఉంటే ఆ ఐదింటినీ తీసుకుపోయి లింగవ్వలాగా మోరీలో వేయొచ్చు కదా భూదేవి, అని కూడా నేనే అనుకున్నాను. వేయలేను. కాబట్టి అది ప్రేమ కాదు. ఇంత అలసటలో కూడా ఆ తేడా తెలుస్తోంది, తెలియకపోతే హాయిగా ఉండేది.

లేచాను. మా ఆయన కాళ్లు దాటి, పొయ్యి గట్టు దగ్గరికి వెళ్లి, షీటు తీసుకున్నాను. రెండు అని రాసి ఉన్నదాన్ని నొక్కాను, రేకు చిరిగిన చప్పుడు ఈ చీకట్లో చాలా పెద్దగా వినపడింది. గోళీ కుడి అరచేతిలో పడింది. ఎడమ చేతిలో తెల్లది, అది ఎప్పుడు తీసుకున్నానో గుర్తు లేదు. రెండు పిడికిళ్లు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఇప్పుడు మింగితే సాయంత్రం లేచి వంట చేయగలను, ఆయనకు డబ్బా నింపగలను, సంతోషికి ఒళ్లు తుడవగలను, నవ్వుతూ మాట్లాడగలను. మింగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ పిక్కలు, ఈ చలి, వాంతి, రాత్రంతా. నోట్లో నీళ్లూరాయి. గోళీకి రుచి లేదు, అయినా ఊరాయి.

"మమ్మీ."

తిరిగి చూస్తే సంతోషి కళ్లు తెరిచి ఉంది. ఎంతసేపటి నుంచి తెరిచి ఉందో తెలియదు. గొంతు తగ్గించి అడిగింది, వాళ్ల నాన్న లేవకుండా.

"దో బజే క్యా?"

"అయితాంది. ఇంకో అయిదు నిమిషాలు."

"ఇటియ్యి. మస్తు నొస్తాంది."

చెయ్యి చాపింది. మంచం దగ్గరికి వెళ్లాను. అక్కడికి వెళ్లేదాకా ఏ పిడికిలి విప్పుతానో నాకే తెలియదు, దేవుడి మీద ఒట్టు, తెలియదు. అది చెయ్యి అలాగే చాపి ఉంచింది, మణికట్టు మీద ఆసుపత్రిలో సూది పెట్టిన చోట నల్లగా కమిలి ఉంది. కుడి పిడికిలి విప్పాను. గొప్పగా ఏదో అనుకుని విప్పలేదు, చెయ్యి చాపిన పిల్లకు పెట్టడం అలవాటు, ఆ అలవాటు ఈ అలవాటు కన్నా పాతది, అంతే అయ్యుంటుంది. ఆకుపచ్చా పసుపూ గోళీ దాని అరచేతిలో పడింది. అది నోట్లో వేసుకోలేదు. దాన్నే చూస్తోంది.

"రాత్రిది తెల్లగుండె" అంది. చూడకుండా మింగిందనుకున్నాను, చూసింది.

నా దగ్గర మాటలు తయారుగానే ఉన్నాయి. కంపెనీ వేరు, చీకట్లో నీకట్ల కనవడ్డది, రెండూ ఒకటే మందు. ఆరేళ్లలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే, ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఇప్పుడు ఆ మూడింటిలో ఏది చెప్పాలో తేల్చుకునే ఓపిక లేకపోయింది.

"రాత్రిది నేను మింగిన" అన్నాను.

మా ఆయన అటు నుంచి ఇటు తిరిగాడు. ఇద్దరం ఆయన వైపు చూశాం. గురక మళ్లీ మొదలైంది. సంతోషి గోళీ నోట్లో వేసుకుంది, నేను తల ఎత్తిపట్టి నీళ్లు తాగించాను, గ్లాసు నా చేతిలో వణికి సగం దాని మెడ మీద ఒలికాయి. కొంగుతో తుడిచాను. అది నా చేతినే చూస్తోంది.

"రోజుకెన్ని?"

"మూ" దాకా వచ్చింది నోటికి. మింగేశాను.

"ఎనిమిది."

"బాపుకు?"

"రెండు అనుకుంటడు."

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది, దానికి వాళ్ల నాన్న నోరే వచ్చింది, తిట్టడం చాతకాక కాదు. నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను. ఎడమ పిడికిట్లో తెల్ల గోళీ చెమటకు మెత్తబడింది.

"రేపు డ్రెస్సింగ్‌కు పోతం గద. నువ్వు బయట కూసోకు. లోపటికి రా" అంది. "నాదయినంక డాక్టరుకు నువ్వే చెప్పు. ఎనిమిదని చెప్పు. కమ్ మత్ బోల్‌నా, ఒక్కటి సుత తక్వ చెప్పకు."

"చెప్త."

"నేను పక్కనే ఉంట."

"సరే."

కళ్లు మూసుకుంది. గోళీ పనిచేయడానికి ఇంకా టైము పడుతుంది, నాకు తెలుసు, నిమిషాలతో సహా తెలుసు. మళ్లీ పడుకుందేమో అనుకున్నాను. కళ్లు మూసుకునే అంది, "రాత్రే సమజైంది మమ్మీ. పదకొండయినా నొప్పి తగ్గలే. లేపుదామని నీ దిక్కు తిరిగిన. నువ్వు మంచిగ పండుకున్నవ్. నోరు తెరిసి, చిన్నపిల్ల లెక్క. నువ్వట్ల పండుకోంగ చూడక ఎన్ని దినాలైందో. గందుకే లేపలే."

నేను దాని కాలివేళ్లు పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి, లేదా నా చేతులే చల్లగా ఉన్నాయి. ఏడుపు రాలేదు, ఆవలింతే వచ్చింది, కళ్లలోంచి నీళ్లు దానికే కారాయి.

"ఈ రాత్రి నేను మేల్కొనే ఉంట, లేపే పనే ఉండది బిడ్డా" అన్నాను.